రెండువందల పన్నెండుకు తగిలిన దిష్టి

శుక్రవారం పొద్దున హరినాథ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరున్నర బస్సుకు మదనపల్లెలో ఎక్కాలి. ఏడున్నరకు పుంగనూరులో దిగి, ఆఫీసు బండి తీసుకుని, రామసముద్రం రోడ్డులో ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న రెడ్డెప్ప టమోటా షెడ్డుకు చేరాలి. తొమ్మిదికి టెస్టు మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకు ముగించి, రెడ్డెప్ప చేత కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని, సాయంత్రం నాలుగింటికి కూతురు అనూషను బడి నుంచి తనే తీసుకురావాలి. ఇంత చిన్న పథకానికి కూడా దైవసహాయం కావాలని ఆ పొద్దున అతనికి తోచలేదు.

"టెస్టు పాసైతాదా?" అంది భార్య నీరజ, టిఫిను డబ్బా చేతికిస్తూ.

"నిన్ననే పాసైనట్టే. ఈపొద్దు ఊరికే కాగితం కోసం పోతాండాను."

"కాగితం వచ్చినాక సెప్పండి. మీరు అయినట్టే అనిన పని ఏదీ అయినట్టు నేను సూళ్ళేదు."

ఆమె అలా అనడానికి కారణం ఉంది. నీరజ మదనపల్లెలోనే స్కూల్లో టీచరు. హరినాథ్ పనిచేసే ఇంటర్నెట్ కంపెనీ చిన్నది. మదనపల్లెలో ఆఫీసు, పుంగనూరులో ఒక టవరు, కుప్పంలో ఒక బ్రాంచి, అంతే. నిరుడు యజమాని మునిశేఖర్ అతన్ని "నాలుగు రోజులు పోయి రాప్పా" అని కుప్పం పంపించాడు. ఆ నాలుగు రోజులు పదకొండు నెలలు సాగాయి. కుప్పం మీద హరినాథ్‌కు పగేమీ లేదు, మంచి ఊరే. గ్రానైటు దుమ్ము పడే ఒక గదిలో మూడు పూటలా తన చేతి ఉప్మా తనే తినడం మాత్రం అతనికి పడలేదు. ఆ పదకొండు నెలల్లో అనూష అతన్ని "కుప్పం నాన్న" అని పిలవడం నేర్చుకుంది. "ఇంగో నాయన యాడుండాడు పాపా?" అని పక్కింటావిడ అడిగిన రోజు నీరజ ఆ రాత్రే కుప్పానికి ఫోను చేసి అతన్ని కడిగేసింది.

కాళ్ళావేళ్ళా పడి వెనక్కి వచ్చి మూడు నెలలయింది. ఈ సోమవారం మునిశేఖర్ పిలిచి, సంగతి తేల్చేశాడు. "రెడ్డెప్ప లింకు అరగంట సేపు నూటాయాభై తగ్గకుండా రావల్ల. శుక్రవారం నాలుగ్గంటల్లోపల ఆయన సంతకం నా సేతిలో ఉండల్ల. పాసైతే నువ్వు మదనపల్లెలోనే ఉంటావు. లేదంటే సోమవారం కుప్పం." అంతకన్నా తేటతెల్లంగా ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ లింకు సంగతి ఒక ముక్క చెప్పాలి. పుంగనూరులో టవరు మీద ఒక డిష్, ఇక్కడ రెడ్డెప్ప షెడ్డు డాబా మీద ఒక డిష్. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటాయి. మధ్యలో తీగ లేదు, గాలే. గొట్టానికి ఒక చివర నీళ్ళు వదిలి రెండో చివర బిందె పెట్టి ఎన్ని నీళ్ళు వచ్చాయో చూసినట్టు, పుంగనూరు టవరు దగ్గర కూర్చున్న కంపెనీ అమ్మాయి రేవతి అటునుంచి డేటా వదులుతుంది, హరినాథ్ లాప్‌టాప్ ఇటు పట్టుకుంటుంది, సెకనుకు ఇన్ని ఎంబీ వచ్చిందని లెక్క తేలుతుంది. డిష్ వచ్చిన అట్టపెట్టె మీద నాలుగువందల యాభై అని అచ్చేసి ఉంటుంది. దాన్ని ఎవరూ నమ్మరు. పెళ్ళిచూపుల్లో చెప్పిన జీతానికీ, ఒకటో తేదీన చేతికొచ్చే జీతానికీ ఉన్న తేడాయే అక్కడా ఉంటుంది. పొలాల మీదుగా, చెట్ల మీదుగా వచ్చి నిజంగా చేరేదెంత అన్నదే టెస్టు.

గురువారం సాయంత్రం చేరింది రెండువందల పన్నెండు. అక్కడే హరినాథ్ ఒక తప్పు చేశాడు. గుట్టుగా అంకె రాసుకుని ఇంటికి పోకుండా, లాప్‌టాప్ ఎత్తి చుట్టూ చేరినవాళ్ళకు చూపించాడు. టమోటా బుట్టలు దించే రైతులు, పాల కేంద్రమాయన, పక్క పొలం బాలప్ప, అందరూ చూశారు. "రెండొందల పన్నెండు. మదనపల్లె మొత్తం మీద ఇంత స్పీడు ఎవురింట్లోనూ లేదు" అన్నాడు. పాల కేంద్రమాయన తెరవైపు చాలాసేపు చూసి, "అబ్బా, ఏం స్పీడప్పా" అన్నాడు. రెడ్డెప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ డిష్ వైపు తిరిగి, రెండు చేతులూ కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది.

శుక్రవారం పొద్దున అతను డాబా ఎక్కేసరికి డిష్ ఎదురుగా, రెండడుగుల దూరంలో, ఇనుప కమ్మీకి కట్టిన తాళ్ళ ఉట్టిలో పసుపు కుంకుమలు పూసిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. హరినాథ్ దాన్ని చూశాడు. చూడలేదని అనడానికి వీల్లేదు. అయితే ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు గుమ్మడికాయను చూడడమంటే గడపను చూడడం లాంటిదే. కొత్త ఇంటికి ఉంటుంది, కొత్త అంగడికి ఉంటుంది, అతని ఇంటి ముందూ ఉంది. తలకు తగలకుండా వంగి, దాని కిందనుంచి పోయి, లాప్‌టాప్ తెరిచి రేవతికి ఫోను చేశాడు.

"వదులు."

"వదిల్నాను అన్నా. నూటాపద్దెనిమిది."

"సరిగ్గా సూడు."

"సరిగ్గా సూసినా నూటాపద్దెనిమిదే."

హరినాథ్ లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. డిష్ కూడా ఆపి మళ్ళీ వేశాడు. తర్వాత కేబులు మీద అనుమానం వచ్చింది. డాబా నుంచి షెడ్డు దాకా నలభై మీటర్ల కేబులు ఊడదీసి, కొత్తది లాగి, రెండు చివరలా కొత్త పిన్నులు బిగించాడు. ఎండ అప్పటికే వీపు మీదికి ఎక్కింది. చొక్కా తడిసి ముద్దయ్యాక మళ్ళీ ఫోను చేశాడు.

"ఇప్పుడెంత?"

"నూటాపద్దెనిమిది" అంది రేవతి. ఆమె గొంతులో సంతోషమూ ఉండదు, విచారమూ ఉండదు. తూకం చెప్పే మనిషి గొంతు. ఆ గొంతే హరినాథ్‌కు ఆ రోజంతా గుండెల మీద కుంపటి అయింది.

సుబ్బలక్ష్మమ్మ మజ్జిగ చెంబుతో పైకి వచ్చింది. "ఏం నాయనా, నిన్నటంత లేదా?"

"కొంచెం తగ్గిందమ్మా. సరిసేస్తాను."

"తగ్గకేం సేస్తాది. ఆ పాల కేంద్రమాయన సూసిన సూపు నాకు నిన్ననే నచ్చలే. ఆయన మా ఎనుమును బాగుండాదని అనిన మర్సనాడే అది పాలియ్యకుండా ఎగసేపింది. అందుకే తెల్లారి లేస్తానే కాయ కడితిని. దిష్టి పెద్దది, కాయ సిన్నదైపోయింది." ఆమె మజ్జిగ చెంబు అక్కడ పెట్టి కిందికి పోయింది. పది నిమిషాల్లో మొదటిదానికి రెండింతలున్న కాయను చంకన పెట్టుకుని వచ్చి, మొదటిదాని పక్కనే కట్టింది. హరినాథ్ మర్యాదగా నిచ్చెన పట్టుకున్నాడు. అతని మనసు పిన్నుల మీద ఉంది.

"అరవై నాలుగు" అంది రేవతి.

ఇంజనీరు అన్నవాడికి ఈ అంకె చాలు మతి పోవడానికి. సామాను మార్చాక తగ్గడమేమిటి? ఇక ఇది సామాను తప్పు కాదు, చుట్టుపక్కల వైఫైల గొడవ అని తేల్చుకున్నాడు. డాబా పిట్టగోడ మీద నిలబడి చుట్టూ చూశాడు. పదకొండు ఇళ్ళు కనిపించాయి. ఇంటింటికీ పోయి, వైఫై పెట్టె ఆపమని బతిమాలాడు. కొందరు ఆపారు. ఒక ముసలాయన ఏది ఆపాలో తెలియక ఫ్రిజ్ ఆపాడు. పాల కేంద్రమాయన మాత్రం నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మా మిషన్ ఇంటర్నెట్ మీదనే కదప్పా పాలు కొలిసేది. అది ఆపితే పాలు యాడ పొయ్యల్ల?"

"పదే పది నిమిషాలన్నా."

"నీ పది నిమిషాలకు పాలు ఇరిగిపోతే?"

చివరికి ఆపాడు. పాలబిందెలు వరసగా రోడ్డు మీదికి వచ్చాయి. హరినాథ్ పరుగున డాబా ఎక్కాడు.

"అరవై ఒకటి" అంది రేవతి.

పదకొండు గంటలకు రెడ్డెప్ప మెట్లెక్కి వచ్చాడు. రెడ్డెప్ప మాట మెత్తనైనా పట్టు వదలని మనిషి. షెడ్డులో ఏడు కెమెరాలు, డాబా మీద ఒకటి పెట్టించాడు. బెంగుళూరులో కూర్చున్న కొనుగోలుదార్లు ఆ బొమ్మల్లో టమోటాలు చూసి వేలం పాడతారు. అందుకే ఈ లింకు. "ఏమప్పా హరీ, బెంగుళూరోళ్ళు ఫోన్లు సేస్తాండారు. టమోటా కనబడలేదంట, ఎర్రగా ఏదో గడులు గడులుగా కనబడతాందంట. వేలం మధ్యానానికి వేసేదా?"

"వేయండన్నా. ఇంగ గంటలో సరైపోతాది."

వేలం వాయిదా పడిందని కింద తెలిసింది. బుట్టలతో తెల్లవారుజామునే వచ్చిన రైతులు నలభై మంది తలెత్తి డాబా వైపు చూశారు. ఆ చూపుల్లో ఆశీర్వాదమేమీ లేదు.

అప్పుడే మునిశేఖర్ మదనపల్లె నుంచి ఫోను చేశాడు. స్పీకరులో పెట్టమన్నాడు. "నిన్న వచ్చింది, ఈపొద్దు రాలేదంటే ఎవురో ఏదో కదిలించినారు. లేదంటే దోవలో ఏదో అడ్డముండాది. అది కనుక్కో ముందు" అన్నాడు.

"నా సెట్లు గాదు" అన్నాడు వెంటనే, ఊరికే చూడ్డానికి పైకి వచ్చిన బాలప్ప.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాడు హరినాథ్. రెండు గుమ్మడికాయలూ అతని చెవి పక్కనే ఊగుతున్నాయి. అతను వాటి మధ్య నుంచి తలపెట్టి బాలప్ప పొలంవైపు చూశాడు. గట్టు మీద నీలగిరి చెట్లు వరసగా ఉన్నాయి. వాటిలో రెండు మిగిలినవాటికన్నా పొడవు. కొనలు గాలికి ఊగుతున్నాయి. పుంగనూరు ఆ దిక్కునే ఉంది. దొరికింది దొంగ, అనుకున్నాడు.

బాలప్పను ఒప్పించడానికి అరగంట పట్టింది. రెండు కొనలు కొట్టడానికి ఒప్పుకున్నాడు గాని, తన ఇంటి మీద కూడా ఒక డిష్ పెట్టాలన్నాడు. పెడతామని హరినాథ్ మాటిచ్చాడు. ఆ అధికారం తనకు లేదన్న సంగతి ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. చెట్టెక్కినవాడు మొదటి కొన బాగానే కొట్టాడు. రెండో కొన గాలికి తిరిగి, కిందికి రావలసింది పక్కకు వచ్చి, కరెంటు తీగల మీద పడింది. ఠప్పుమని ఒక చప్పుడు, తర్వాత అంతా నిశ్శబ్దం. షెడ్డులో టమోటాలు ఏరే మిషను ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. పాల కేంద్రంలో అప్పుడే మళ్ళీ మొదలుపెట్టిన మిషను కూడా ఆగింది.

"ఇంగేమైనా ఆపల్లా?" అని కింద నుంచి ఎవరో అడిగారు.

లైన్‌మన్ వచ్చి తీగలు సరిచేసేసరికి రెండయింది. ఈలోగా సుబ్బలక్ష్మమ్మ హరినాథ్‌ను కూర్చోబెట్టి రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఆమె ఒక్కతే అతన్ని తిట్టలేదు. ఆ సంగతి అతనికి ఊరటగా ఉంది. "నువ్వేం సేస్తావు నాయనా. నరుడి కంటికి నల్లరాయి పగుల్తాదంటారు. కుప్పంలో మా అక్కా బావా వాళ్ళకు గ్రానైటు ఫ్యాక్టరీ ఉండాది. ఆడా ఇంతే, ఆర్నెల్లుగా ఇంటర్నెట్ సరిగ్గా రాదంట. నేను సెప్తానే ఉండాను, ఎవురిదో కన్ను పడిందని."

కుప్పం అన్న మాట వినగానే హరినాథ్‌కు పొలమారింది. ఆమె నీళ్ళిచ్చి నెత్తి మీద తట్టింది.

అతను చెయ్యి కడుక్కుని డాబా ఎక్కేసరికి రెడ్డెప్ప స్వయంగా నిచ్చెన మీద ఉన్నాడు. ఆయుధపూజకని అటక మీద దాచిన కాయ, పట్టుకుంటే రెండు చేతులూ చాలనిది, తెచ్చి మిగిలిన రెండింటి మధ్య కడుతున్నాడు. దానికి బొగ్గుతో కళ్ళూ మీసాలూ, సున్నంతో కోరలూ గీసి ఉన్నాయి. "నేను ఇట్లాటివి నమ్మను హరీ" అన్నాడు రెడ్డెప్ప, ముడి బిగిస్తూ. "కానీ ఒంటిగంటకు మా ఆవిడ ఏడిసింది."

కరెంటు వచ్చింది. హరినాథ్ ఫోను తీశాడు.

"తొమ్మిది" అంది రేవతి.

"తొంభైయా?"

"తొమ్మిది, అన్నా. మీ పాప వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు."

హరినాథ్ పిట్టగోడకు ఆనుకుని కూలబడ్డాడు. కింద రైతులు గట్టిగానే మాట్లాడుకుంటున్నారు. ఒకాయన టమోటాలను మదనపల్లెకే తోలుకుపోతానని బుట్టలు ఎత్తుతున్నాడు. మునిశేఖర్ కారులో బయలుదేరాడని కబురు వచ్చింది. సోమవారం నుంచి మళ్ళీ అదే గది, అదే దుమ్ము, అదే ఉప్మా. అనూష ఈసారి తనను ఏమని పిలుస్తుందో అని ఆలోచిస్తే ఏడుపు వచ్చింది. వయసొచ్చిన మనిషి, నలభై మంది ముందు, ఏడవడానికి కూడా లేదు.

"అన్నా" అంది రేవతి ఫోనులో. "ఒక సంగతి. మీరు కోతులు డిష్ కదిలించకుండా సూసేదానికి డాబా మీద ఎనిమిదో కెమెరా పెట్టించినారు కదా. దాని బొమ్మ కరెంటు వచ్చినప్పట్నుంచి తెరుసుకుంటాండాది నాకు. ఇప్పటికి మూడొంతులు తెరుసుకుంది."

"కోతులుండాయా?"

"కోతులు లేవు. డిష్ ముందర ఏందో మీసాలు కనబడతాండాయి."

"అది గుమ్మడికాయలే. దిష్టికి కట్టినారు. మూడుండాయి."

"మూడూ డిష్‌కు ఎదురుగానా?"

"ఎదురుగానే కదా కట్టేది. దిష్టి తగిలేది..." అని హరినాథ్ ఆగిపోయాడు.

అతను తల తిప్పి చూశాడు. ఈసారి గడపను చూసినట్టు కాదు. పొద్దున్నుంచి తన నెత్తిమీదే ఊగుతున్న మూడు నీళ్ళ మూటలను చూశాడు. గుమ్మడికాయలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. నీళ్ళ గుండా ఈ తరంగాలు పోవు. ఇది అతను మొదటి సంవత్సరంలో చదివాడు, రెండో సంవత్సరంలో పరీక్ష రాశాడు, కొత్తగా చేరినవాళ్ళకు తనే పాఠం చెప్పాడు. ఒక కాయకు నూటాపద్దెనిమిది, రెండుకు అరవై నాలుగు, మూడుకు తొమ్మిది. చిన్నపిల్లలకిచ్చే లెక్క. అందుకోసం నలభై మీటర్ల కేబులు లాగి, పదకొండు ఇళ్ళ వైఫై ఆపి, రెండు చెట్ల కొనలు కొట్టించి, ఊరి కరెంటు తీశాడు. తన చెంప తనే వాయించుకోవాలన్నంత కోపం వచ్చింది. దానికి కూడా టైము లేదు. మూడు గంటలు కావస్తోంది.

"అమ్మా, ఈ కాయలు ఇప్పల్ల" అన్నాడు మెట్ల మీద ఎదురొచ్చిన సుబ్బలక్ష్మమ్మతో.

ఆమె మొహం మారిపోయింది. "కట్టిన కాయ ఇప్పకూడదు నాయనా. అది దానంతట అది కుళ్ళి పడిపోవల్ల. సేత్తో ఇప్పితే లాగిన దిష్టంతా ఇంట్లోకే వస్తాది."

"దిష్టి లేదమ్మా. కాయలో నీళ్ళుండాయి. నీళ్ళకు సిగ్నలు ఆగిపోతాది. వానొస్తే మీ టీవీలో బొమ్మ పోతాది కదా, అట్ల."

"అది పిడుగులకు పోతాది. నీళ్ళకు గాదు."

"రెడ్డెప్పన్నా, నువ్వన్నా సెప్పు."

రెడ్డెప్ప భార్యను చూశాడు, హరినాథ్‌ను చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురం చేసినవాడు ఎటు మొగ్గాలో అటే మొగ్గాడు. "ఇప్పేది మాత్రం వద్దప్పా. ఇంగేమన్నా ఉంటే సెయ్యి."

హరినాథ్ మెట్ల మీదే కూర్చున్నాడు. సైన్సుతో పని కాదని తెలిసిపోయింది. ఇక మిగిలింది వాళ్ళమ్మ నేర్పిన చదువు. "సరేనమ్మా, ఇప్పకూడదు. దిష్టి తీసి పగలగొట్టొచ్చా?"

సుబ్బలక్ష్మమ్మ ఒక క్షణం ఆలోచించింది. "అది సెయ్యొచ్చు. సేస్తే ఇంగా మంచిది. కానీ ఇంటోళ్ళు తియ్యకూడదు, బయటోళ్ళు తియ్యల్ల. మిషను నీది, నువ్వే తియ్యి."

అలా, మూడు గంటల పదిహేను నిమిషాలకు మునిశేఖర్ కారు దిగి, రైతులను తోసుకుంటూ డాబా ఎక్కేసరికి, ఇంజనీరింగులో ఫస్టు క్లాసు తెచ్చుకున్న తన ఉద్యోగి చొక్కా లేకుండా, నడుముకు తువ్వాలు బిగించుకుని, కోరలున్న గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, డిష్ ముందు ఎడమకు మూడుసార్లు, కుడికి మూడుసార్లు తిప్పుతున్నాడు. "ఊరి దిష్టి, వాడ దిష్టి, పాల కేంద్రం దిష్టి" అని సుబ్బలక్ష్మమ్మ పక్కనుంచి అందిస్తోంది. హరినాథ్ అదే పలుకుతున్నాడు.

"ఏం సేస్తాండావప్పా?" అన్నాడు మునిశేఖర్.

"అడ్డం తీస్తాండాను సార్" అన్నాడు హరినాథ్, కర్పూరం ఆరిపోకుండా చెయ్యి అడ్డు పెట్టుకుంటూ. అది అబద్ధం కాదు.

మూడు కాయలూ ఒకదాని తర్వాత ఒకటి రోడ్డు మీద పగిలాయి. చివరిదాన్ని ఎత్తి వేస్తుంటే నలభై మంది రైతులూ వెనక్కి జరిగారు. పాల కేంద్రమాయన ఇంకా ఎక్కువగా జరిగాడు. హరినాథ్ కుంకుమ చేతులతోనే ఫోను తీశాడు. మూడూ ఇరవై ఎనిమిది.

"రెండొందల పదమూడు" అంది రేవతి. ఆమె గొంతులో మొట్టమొదటిసారి ఏదో కదిలింది. "అన్నా, ఏం మార్సినారు?"

అరగంట సేపు అంకె రెండువందల తొమ్మిదికి తగ్గలేదు, రెండువందల పద్నాలుగుకు మించలేదు. కింద తెర మీద టమోటాలు తొడిమలతో సహా కనిపించాయి. బెంగుళూరువాళ్ళు వేలం మొదలుపెట్టారు. మూడూ యాభై తొమ్మిదికి రెడ్డెప్ప సంతకం పెట్టాడు. సుబ్బలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "సూస్తివా, దిష్టే" అన్నాడు బాలప్ప. "దిష్టే" అన్నారు రైతులు. పాల కేంద్రమాయన తల వంచుకుని తన బిందెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

హరినాథ్‌కు ఆయన్ను చూస్తే జాలేసింది. "అది గాదు, వినండి. దిష్టి గాదు, కాయలో నీళ్ళు..." అని మొదలుపెట్టాడు.

మునిశేఖర్ అతని భుజం పట్టుకుని నొక్కాడు. "గమ్మునుండప్పా. సంతకమైపోయినాక సైన్సు యాల?"

అనూషను బడి నుంచి నీరజే తెచ్చుకుంది. హరినాథ్ ఇల్లు చేరేసరికి ఏడయింది. కాగితం తీసి నీరజ చేతికిచ్చాడు. ఆమె రెండుసార్లు చదివి, సంతకం వెలుతురుకు పెట్టి చూసి, అప్పుడు నవ్వింది. "అయితే ఇంగ కుప్పం లేదు కదా?"

"లేదు. జన్మలో లేదు."

శనివారం, ఆదివారం ఆ ఇంట్లో పండగలాగే గడిచాయి. అనూష ఇద్దరు స్నేహితురాళ్ళను తెచ్చి, "ఈయన మదనపల్లె నాన్న" అని చూపించింది. హరినాథ్ ఆ మాటను మళ్ళీ మళ్ళీ అనిపించుకున్నాడు.

సోమవారం పొద్దున మునిశేఖర్ లేచి నిలబడి అతనికి చేయందించాడు. కాఫీ తెప్పించాడు. కుర్చీ చూపించాడు. ఇవన్నీ ఒక్కసారి జరిగేసరికి హరినాథ్‌కు అనుమానం వచ్చింది.

"నీ పేరు యాడిదాకనో పోయింది హరీ. సుబ్బలక్ష్మమ్మ వాళ్ళ బావ నల్లప్ప, కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీ ఆయన, రాత్రి ఫోను సేసినాడు. ఆర్నెల్లుగా వాళ్ళ లింకు ముప్పైకి మించలేదంట. ముగ్గురు ఇంజనీర్లు సూసినారంట. దిష్టి తీసే ఇంజనీరును పంపితేనే మనతో ఉంటాను, లేదంటే వేరే కంపెనీకి పోతానని గట్టిగా సెప్పినాడు. ఆయన జతకు ఇంగో పన్నెండు ఫ్యాక్టరీలుండాయి. అన్నిటికీ నువ్వే సూడల్ల."

"సార్, పాసైతే మదనపల్లెలోనే అన్నారు."

"పాసైనావు కాబట్టే కదప్పా పంపేది. ఫెయిలైనోణ్ణి పంపితే ఆయన ఊరుకుంటాడా?"

హరినాథ్ నోరు తెరిచాడు. నీళ్ళు, తరంగాలు, తొంభై పాళ్ళు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. చెప్తే దిష్టి తీసేవాడు కాడని తేలుతుంది, సరే. అప్పుడు కళ్ళ ముందున్న గుమ్మడికాయలు కనబడక ఊరి కరెంటు తీసినవాడని కూడా తేలుతుంది. అలాంటివాణ్ణి మునిశేఖర్ ఎక్కడికి పంపుతాడో అతనికి తెలుసు. కాఫీ గ్లాసు ఎత్తుకున్నాడు.

మునిశేఖర్ ఉత్తర్వు టేబులు మీదుగా జరిపాడు. తేదీ ఉంది, బస్సు టైము ఉంది, పాత గదే మళ్ళీ ఇప్పించినట్టు రాసి ఉంది. దాని కింద కుప్పానికి వెంట తీసుకుపోవలసిన సామగ్రి జాబితాలో రెండు డిష్‌లు, నలభై మీటర్ల కేబులు, ఒక నిచ్చెన, కర్పూరం ఒక పొట్లం, బూడిద గుమ్మడికాయలు పదమూడు అని ఉంది.